ఒక బావి, రెండు చేదలు

రేడియోలో పాట వస్తుంది, నాటిక వస్తుంది, వార్తలొస్తాయి, పంటల ధరలొస్తాయి. ఒకప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా వచ్చేవి. నాలాంటి వాడెవడో కూర్చుని కంప్యూటర్ల గురించి చెప్పే కబుర్లు కావు, సాక్షాత్తూ ప్రోగ్రాములే. 1980ల మొదట్లో నెదర్లాండ్స్‌లో ఎన్‌ఓఎస్ అనే ప్రసార సంస్థ ‘హాబీస్కోప్’ అని ఒక కార్యక్రమం నడిపేది. అందులో కాసేపు మాటలయ్యాక, స్టేషన్ తప్పిపోయిందేమో అనిపించే కీచు శబ్దం మొదలయ్యేది. సంగతి తెలియని వాళ్లు లేచొచ్చి రేడియో నెత్తిన ఒకటి మొట్టేలోపు, తెలిసినవాళ్లు టేప్ రికార్డర్‌లో ఖాళీ క్యాసెట్ పెట్టి ఆ కీచు మొత్తాన్ని పట్టేసేవాళ్లు. తర్వాత ఆ క్యాసెట్‌ని కంప్యూటర్‌కి వినిపిస్తే లెక్కల ప్రోగ్రామో, చిన్న ఆటో తెర మీదికి వచ్చేది. 1984లో బీబీసీ రేడియో 4 కూడా ‘ది చిప్ షాప్’ అనే కార్యక్రమం పెట్టి ఇదే పని చేసింది.

ఇందులో మాయేమీ లేదు. కంప్యూటర్‌కి తెలిసినవి సున్నా, ఒకటి. సున్నాకి 1200 హెర్ట్జ్‌ల స్వరం, ఒకటికి సరిగ్గా రెట్టింపు, 2400. సంగీతం తెలిసినవాళ్ల మాటలో చెప్పాలంటే కింది షడ్జమం, పై షడ్జమం. సెకనుకి 1200 చొప్పున సున్నాలూ ఒకట్లూ ఈ రెండు స్వరాల్లో దొర్లిపోతుంటే మన చెవికది కీచులా వినిపిస్తుంది.

కానీ ఒక చిక్కుంది. రేడియో వినేవాళ్లందరి ఇళ్లలో ఒకే కంప్యూటర్ లేదు. ఒకరింట్లో కమొడోర్, పక్కింట్లో స్పెక్ట్రమ్, ఎదురింట్లో బీబీసీ మైక్రో. ఒకదాని క్యాసెట్ ఇంకోదానికి పనికిరాదు, ఒకదాని ప్రోగ్రాము ఇంకోదానికి అర్థం కాదు. అలాంటప్పుడు ఒకే కీచు అన్నిట్లోనూ ఎలా పనిచేసింది? ఆ జవాబుకి కాస్త ఆగి వద్దాం. అవి ఒకదానికొకటి ఎందుకు పొసగలేదో తెలిస్తే తప్ప జవాబులో రుచి తెలియదు.

ఈ మూడు యంత్రాలూ తొమ్మిది నెలలు తిరక్కుండా బజారులోకి వచ్చాయి. 1981 డిసెంబర్‌లో కేంబ్రిడ్జ్‌కి చెందిన ఏకార్న్ కంపెనీ బీబీసీ మైక్రోని తెచ్చింది. బీబీసీ టెలివిజన్‌లో జనానికి కంప్యూటర్ నేర్పాలనుకుంది, దానికొక యంత్రం కావాలంది, ఏకార్న్ తయారుచేసి ఇచ్చింది. 1982 ఏప్రిల్‌లో అదే కేంబ్రిడ్జ్ నుంచి క్లైవ్ సింక్లెయిర్ గారి జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. ఆగస్టులో అమెరికా నుంచి కమొడోర్ 64. ధరలు చూడండి: 48 కిలోబైట్ల స్పెక్ట్రమ్ 175 పౌండ్లు. బీబీసీ మైక్రో మోడల్ బి మొదట 335 పౌండ్లన్నారు, కొద్ది రోజులకే 399 చేశారు. కమొడోర్ అమెరికాలో 595 డాలర్లతో మొదలై, ఏడాది తిరిగేసరికి 200 దగ్గరికి దిగింది. చిప్పులు తయారుచేసే ఎమ్‌ఓఎస్ టెక్నాలజీని 1976లోనే కొనేసుకున్న కంపెనీ అది. పిండి మర సొంతదైతే అట్లు ఎంత చవగ్గానైనా అమ్మొచ్చు.

ఇప్పుడు అంకెలు. స్పెక్ట్రమ్ ప్రాసెసర్ వేగం 3.5 మెగాహెర్ట్జ్, బీబీసీది 2, కమొడోర్‌ది సుమారు 1. మెమరీ స్పెక్ట్రమ్‌లో 48 కిలోబైట్లు, బీబీసీలో 32, కమొడోర్‌లో 64. ఈ పట్టిక మాత్రమే చూసి కొనేవాళ్లు వేగానికి స్పెక్ట్రమ్, మెమరీకి కమొడోర్ అని లెక్కేసుకుని, డబ్బు ఎక్కువిచ్చి బీబీసీ కొనేవాడు వెర్రివాడని తేల్చేస్తారు. అక్కడే పప్పులో కాలేస్తారు. స్పెక్ట్రమ్‌లోని జెడ్80 ప్రాసెసర్‌కి అతి చిన్న పని చేయడానికి కూడా దాని గడియారం నాలుగు టిక్కులు కొట్టాలి. మిగతా రెండిట్లోనూ ఉన్న 6502 కుటుంబం చిప్‌కి రెండు చాలు. ఒకడు పొట్టి అడుగులు గబగబా వేస్తాడు, ఇంకొకడు బారెడు అడుగులు నిదానంగా వేస్తాడు. నిమిషానికెన్ని అడుగులేశాడని లెక్కపెడితే ఊరికి ఎవరు ముందు చేరతారో తెలియదు. నిజంగా పనిపెట్టి చూస్తే మూడింట్లో ముందుండేది 2 మెగాహెర్ట్జ్‌ల బీబీసీయే.

దానికింకో కారణం ఉంది. నాకు ఈ మొత్తం కథలో బాగా ఇష్టమైన ముక్క అదే.

పాతకాలపు ఊళ్లో మంచినీళ్ల బావి తలుచుకోండి. బావి ఒకటే, రెండిళ్ల వాళ్లు తోడుకోవాలి. కంప్యూటర్‌లో ఆ బావి మెమరీ. ఒక చేద ప్రాసెసర్‌ది. రెండోది తెర మీద బొమ్మ వేసే చిప్‌ది. టీవీ తెర మీది బొమ్మని సెకనుకి 50 సార్లు మళ్లీ మొదటి నుంచీ గీయాలి. గీసిన ప్రతిసారీ మెమరీలోకి తొంగి చూడాలి. కాబట్టి బొమ్మ చిప్ ‘మీరు తోడుకోండి, నేను ఆగుతాను’ అనే రకం కాదు. అది ఒక్క క్షణం ఆగినా తెర మీద మచ్చ పడుతుంది. మరి ప్రాసెసర్ సంగతేంటి?

సింక్లెయిర్ మనుషులు తేలిక దారి తొక్కారు. బొమ్మ చిప్ తోడుతుండగా ప్రాసెసర్ అదే బావికొస్తే, దాని గడియారాన్నే ఆపేస్తారు. వంతొచ్చేదాకా గట్టు మీద నిలబడాల్సిందే. అయితే 48 కిలోబైట్ల యంత్రంలో ఇలా పోటీపడేది కింది 16 కిలోబైట్లకే. పై 32 వేరే చిప్పుల్లో ఉంటుంది, అంటే ప్రాసెసర్ సొంత బావి. వేగంగా నడవాల్సిన ప్రోగ్రాముని తెలివైనవాళ్లు అక్కడ పెట్టుకునేవాళ్లు. ఆ పై చిప్పుల సంగతి వింటే నవ్వొస్తుంది. అవి నిజానికి రెట్టింపు సామర్థ్యం ఉండాల్సినవి. తయారీలో సగం పాడైపోయాయి. ఆ పాడైనవాటినే చవగ్గా కొని, బాగున్న సగాన్ని వాడుకున్నారు. మనిళ్లలో వంకాయ పుచ్చున్న మేరకు కోసేసి, మిగతాది కూరలో వేస్తామే, అదే పద్ధతి. 175 పౌండ్ల ధర ఇలాంటి చోట్ల నుంచి వచ్చింది.

కమొడోర్‌లో ఇద్దరూ వంతులేసుకుని తోడతారు. కానీ ప్రతి ఎనిమిదో గీతకీ బొమ్మ చిప్‌కి కొత్త అక్షరాల వరస కావాలి. అప్పుడది ఒక్కసారిగా నలభై చేదలు తోడేస్తుంది, ప్రాసెసర్ చేతులు కట్టుకుని నిలబడుతుంది. క్యాసెట్ చదివేటప్పుడు ఈ అంతరాయం పడితే లెక్క తప్పుతుందని కమొడోర్ తెరనే ఆర్పేస్తుంది. కొత్తగా కొన్నవాళ్లు యంత్రం పోయిందనుకుని కంగారుపడేవాళ్లు.

బీబీసీని రూపొందించిన స్టీవ్ ఫర్బర్, సోఫీ విల్సన్‌ల బృందం దీన్ని తిన్నగా పరిష్కరించింది. బావినే రెట్టింపు వేగంగా పనిచేసేలా చేశారు. సెకనుకి 40 లక్షల చేదలు: ఒకటి ప్రాసెసర్‌కి, ఒకటి బొమ్మకి, ఒకటి ప్రాసెసర్‌కి, ఒకటి బొమ్మకి. ఎవరూ ఎవరికోసం ఆగరు. ఎంత పొందిక! కాకపోతే అంత వేగంగా పనిచేసే మెమరీ చిప్పులు అప్పట్లో అరుదు, ఖరీదు. అందుకే 32 కిలోబైట్లతో సరిపెట్టారు. ఆ 32లో మంచి బొమ్మల తెర పెట్టుకుంటే దానికే 20 పోతుంది, యంత్రం సొంత అవసరాలకి మూడున్నర. మిగిలేది ఎనిమిదిన్నర. మేడ బ్రహ్మాండంగా కట్టి, మనిషి పడుకోవడానికి మూల గది ఇచ్చినట్టయింది.

స్పెక్ట్రమ్ ఈ చిక్కుని ఇంకోలా తప్పించుకుంది. దాని తెర అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 192. చుక్క వెలగాలా వద్దా అన్నది రాసుకోవడానికి ఒక బిట్ చొప్పున మొత్తం 6144 బైట్లు. ప్రతి చుక్కకీ సొంత రంగు ఇవ్వాలంటే ఇది నాలుగింతలు, 24 కిలోబైట్లవుతుంది. అంటే సగం మెమరీ తెరకే సమర్పయామి. కాబట్టి తెరని 32 అడ్డ గడులు, 24 నిలువు గడులుగా విడగొట్టి, గడికి ఒక్క బైట్ ఇచ్చారు. ఒక గడిలో రెండే రంగులు, సిరాది ఒకటి, కాగితానిది ఒకటి. 768 గడులకి 768 బైట్లు. మొత్తం తెర 6912 బైట్లలో ముగిసిపోయింది.

పొదుపు సరే, దాని ఫలితం తెర మీద కనపడేది. ఎర్ర గోడ ముందు నుంచి ఆకుపచ్చ మనిషి నడిచి వెళుతున్నాడనుకోండి. అతను అడుగుపెట్టిన ప్రతి గడిలోనూ గోడ ఆకుపచ్చగా మారిపోతుంది. దాటి వెళ్లగానే మళ్లీ ఎరుపు. తడి చొక్కా రంగు పక్క బట్టలకి అంటుకున్నట్టు. పిల్లలు దీన్ని వెక్కిరించేవాళ్లు. ఆటలు రాసేవాళ్లు మాత్రం దీంతో కాపురం చేయడం నేర్చుకున్నారు. 1984 చివర్లో అల్టిమేట్ సంస్థ తెచ్చిన ‘నైట్ లోర్’ చూడండి. గది మొత్తం ఒకే రంగు, నల్లని నేపథ్యం. రంగుల జోలికే పోకుండా, ఏటవాలుగా చూసే కోణంలో లోతున్న గదులు గీశారు. మనిషి బల్ల వెనక్కి వెళితే బల్ల చాటున దాక్కుంటాడు. అంతకు ముందు ఇంటి కంప్యూటర్‌లో అలాంటిది చూసినవాళ్లు తక్కువ. దాని తర్వాత అదే పద్ధతిలో డజన్లకొద్దీ ఆటలొచ్చాయి.

కమొడోర్ వాళ్లకి ఈ బాధ లేదు. వాళ్ల బొమ్మ చిప్‌లోనే స్ప్రైట్లనే ఎనిమిది కదిలే బొమ్మలున్నాయి. ఒక్కోటి 24 చుక్కల వెడల్పు, 21 చుక్కల ఎత్తు. వాటిని వెనక దృశ్యం మీద వదిలేస్తే, అద్దం మీద అంటించిన స్టిక్కర్లలా కింద ఉన్నదాన్ని చెడగొట్టకుండా జరుగుతాయి. ప్రాసెసర్ చేయాల్సిందల్లా ‘నువ్వు ఇక్కడుండు’ అని రెండు అంకెలు చెప్పడమే. కమొడోర్ ఒక్క మెగాహెర్ట్జ్‌తో అంత చురుగ్గా ఆడిందంటే పని పంచుకునే చేతులుండబట్టే. ఎనిమిది చాలనప్పుడు ప్రోగ్రామర్లు ఇంకో ఎత్తు వేశారు. టీవీ కిరణం తెర పై భాగం గీసేశాక, అదే ఎనిమిదింటిని కింది భాగానికి దించి మళ్లీ వాడుకున్నారు. చూసేవాడికి పదహారు కనపడతాయి. వీధినాటకంలో ఒకే మనిషి తెర వెనక్కెళ్లి కిరీటం మార్చుకుని ఇంకో పాత్రగా వచ్చినట్టు.

నేను మొదట ముట్టుకున్నది వీటిలో బీబీసీ మైక్రోని. మన దేశంలో 1984-85లో బడి పిల్లలకి కంప్యూటర్ నేర్పాలని ‘క్లాస్’ అనే పథకం పెట్టారు. దానికి ఎంచుకున్న యంత్రం బీబీసీ మైక్రోయే. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ దాన్ని ఇక్కడే తయారు కూడా చేసింది. అక్కడెక్కడో ఇంటి కంప్యూటరనుకున్నది ఇక్కడ బడి కంప్యూటరయింది. మా బళ్లో దాని గది ముందు చెప్పులు విప్పాలి. కిటికీలకి మందపాటి తెరలు. బడి మొత్తం మీద ఆ ఒక్క గదికే ఏసీ. ఒక కీబోర్డు చుట్టూ ఆరుగురం. ఎ నుంచి జెడ్ దాకా మీటలన్నీ పెద్దవాళ్లు పంచుకోగా నాకు స్పేస్ బార్ దక్కింది. దాన్నీ నేను చాలా గంభీరంగా నొక్కేవాణ్ణి.

ఒకరోజు మేం ముప్పై లైన్ల ప్రోగ్రాము ఎక్కించాం. మాలో ఒకడు, పేరెందుకులెండి, సరదాకి మూలనున్న బ్రేక్ మీట నొక్కాడు. తెర ఖాళీ. లిస్ట్ కొడితే ఏమీ రాలేదు. గంట కష్టం పోయిందని ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. మాస్టారు వచ్చి, ఎవర్నీ ఏమీ అనకుండా, ‘ఓల్డ్’ అని మూడక్షరాలు కొట్టి రిటర్న్ నొక్కారు. ముప్పై లైన్లూ తిరిగొచ్చాయి. పిల్లలు పొరపాటున బ్రేక్ నొక్కుతారని ఎక్కడో కేంబ్రిడ్జ్‌లో ఎవరో ముందే ఆలోచించి పెట్టారన్నమాట. స్పెక్ట్రమ్ బేసిక్‌లో గానీ కమొడోర్ బేసిక్‌లో గానీ ఈ మాట లేదు. యంత్రం మంచీ చెడూ ఇలాంటి చోట తెలుస్తుంది. మెగాహెర్ట్జ్ పట్టికలో ఇది రాదు.

బేసిక్ అన్నాను కదా, అది ఆ రోజుల్లో ఇంటి కంప్యూటర్లన్నీ మాట్లాడిన భాష. పేరుకి ఒకటే, యాసలు మాత్రం శ్రీకాకుళానికీ ఆదిలాబాదుకీ ఉన్నంత దూరం. ఒకే పని మూడింటికీ ఇచ్చి చూద్దాం. తెర మీద గుండ్రంగా ఒక వృత్తం గీయాలి.

స్పెక్ట్రమ్‌లో ‘సర్కిల్ 128, 88, 50’. అంతే, ఒక్క లైను. మధ్య బిందువు ఎక్కడ, వ్యాసార్ధం ఎంత అని చెప్పాం, గీసింది. ఆ ‘సర్కిల్’ అన్న మాటని కూడా అక్షరం అక్షరం కొట్టనక్కర్లేదు. 40 రబ్బరు మీటల మీద బేసిక్ మాటలన్నీ అచ్చేసి ఉంటాయి. లైను మొదట్లో పి నొక్కితే ‘ప్రింట్’ అని మొత్తం పడుతుంది. ఒక్కో మీటకి అయిదారు అర్థాలు, ఏ అర్థానికి ఏ మీటతో కలిపి నొక్కాలో వేళ్లకి అలవాటవ్వాలి. ఈ బేసిక్ రాసినాయన స్టీవ్ విక్కర్స్. దాని మాన్యువల్ కూడా ఆయనే రాశారు. లెక్కలాయన కాబట్టి లెక్కలు చక్కగా వస్తాయి.

బీబీసీలో సర్కిల్ అనే మాట లేదు. సైన్, కొసైన్‌లతో నాలుగైదు లైన్లలో మనమే గీసుకోవాలి. పదో తరగతి త్రికోణమితి ఎందుకు చదివామో నాకు మొదటిసారి తెలిసింది అక్కడే. ఈ బేసిక్‌ని సోఫీ విల్సన్ రాశారు. ప్రొసీజర్ అని పేరు పెట్టి ఒక పనిని విడిగా రాసుకోవచ్చు, కావలసినప్పుడు పేరు పెట్టి పిలవొచ్చు. బేసిక్ చాలనప్పుడు అదే ప్రోగ్రాములో చదరపు బ్రాకెట్లు పెట్టి నేరుగా యంత్ర భాష రాసుకోవచ్చు. తెర ఏ మోడ్‌లో ఉన్నా కొలతలు 1280కి 1024 అనే చూడాలి. చుక్కలెన్నో యంత్రం సర్దుకుంటుంది. మోడ్ మార్చినా ప్రోగ్రాము మార్చక్కర్లేదు.

ఇక కమొడోర్. సర్కిల్ లేదు, డ్రా లేదు, రంగు మార్చడానికి కూడా మాట లేదు. 1977లో తమ పెట్ కంప్యూటర్ కోసం మైక్రోసాఫ్ట్‌కి ఒక్కసారి డబ్బు కట్టి తీసుకున్న బేసిక్‌నే పెద్దగా పెంచకుండా ఇందులోనూ పెట్టేశారు. లోపలున్నది ఆ రోజుల్లోకెల్లా గొప్ప బొమ్మ చిప్, దాన్ని కదపడానికి భాషలో ఒక్క మాటా లేదు. తెర అంచు నల్లగా చేయాలంటే ‘పోక్ 53280, 0’. ఫలానా నంబరు గదిలో సున్నా పెట్టమని అర్థం. వృత్తం గీయాలంటే ముందు బొమ్మల మోడ్ పెట్టడానికి రెండు మూడు పోక్‌లు, తర్వాత తెర తుడవడానికి 8000 బైట్లలో ఒక్కోదాంట్లో సున్నా. బేసిక్‌లో ఆ తుడవడమే పదుల సెకన్లు పడుతుంది. ఆ తర్వాత ఏ చుక్క ఏ బైట్‌లో ఏ బిట్టో లెక్కేసుకుని వెలిగించాలి. మంచి వీణ చేతికిచ్చి, తీగలు మాత్రం చెక్కపెట్టె లోపల దాచినట్టు.

దీన్ని నేను సమర్థించను, కానీ ఒక ముక్క ఒప్పుకోవాలి. ఈ పోక్‌ల వల్ల కమొడోర్ పిల్లలు చిన్నప్పుడే చిప్ లోపలి గదుల నంబర్లు ఎక్కాల్లా కంఠస్థం చేశారు. బేసిక్ పనికిరాదని తేలిపోయాక నేరుగా యంత్ర భాషలోకి దూకారు.

శబ్దం సంగతీ అంతే. స్పెక్ట్రమ్‌లో ‘బీప్ 1, 0’ అంటే ఒక సెకను పాటు ఒక స్వరం. ఆ సెకను పాటు యంత్రం ఇంకేమీ చేయలేదు, ఎందుకంటే స్పీకర్ పొరని ముందుకీ వెనక్కీ తోసేది సాక్షాత్తూ ప్రాసెసరే. అంత పేద వాద్యం మీద టిమ్ ఫోలిన్ అనే కుర్రవాడు ఒకేసారి నాలుగైదు స్వరాలు మోగుతున్నట్టు వినిపించేవాడు. గరగరలాడుతూనే మోగేది, వింటే ఒళ్లు జలదరించేది. బీబీసీలో సౌండ్ అనే మాట ఉంది. స్వరాలన్నీ వరసలో పెట్టేస్తే ప్రోగ్రాము తన దారిన తాను నడుస్తుంటే వెనక మోగుతుంటాయి. కమొడోర్‌లో ఒక్క స్వరానికి అరడజను పోక్‌లు. కానీ ఆ పోక్‌లు వెళ్లి తగిలేది బాబ్ యానిస్ చేసిన సిడ్ అనే శబ్దాల చిప్‌కి. మూడు గొంతులు, ఒక్కోదానికి స్వరం ఎలా లేవాలి, ఎంతసేపు నిలవాలి, ఎలా తగ్గాలి అన్నది వేరేగా చెప్పొచ్చు. అన్నిటి మీదా కలిపి ఒక ఫిల్టర్. యానిస్ మనసులో బొమ్మల పక్కన మోగే సన్నాయి లేదు, సింథసైజరుంది. ఆయన తర్వాత ఎన్సోనిక్ అనే వాద్యాల కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరు కూడా. ఈనాటికీ ఆ చిప్ కోసం కొత్త పాటలు కట్టేవాళ్లున్నారు.

మరి అంత మెమరీ కరువున్న బీబీసీ మీద ఏం చేశారంటారా? 1984లో ఇద్దరు కేంబ్రిడ్జ్ విద్యార్థులు, డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్, ‘ఎలీట్’ అనే ఆట రాశారు. ఎనిమిది నక్షత్ర మండలాలు, ఒక్కోదాంట్లో 256 లోకాలు, ప్రతి లోకానికీ పేరు, ప్రభుత్వం, బజారు ధరలు. ఇవన్నీ రాసిపెట్టడానికి చోటెక్కడ? రాయలేదు. ఒక చిన్న సంఖ్య నుంచి, ముందు వాటిని కూడుకుంటూ పోయే సూత్రంతో, కావలసినప్పుడల్లా లోకాన్ని పుట్టించారు. సంఖ్య అదే కాబట్టి ఎన్నిసార్లు పుట్టినా అదే లోకం పుడుతుంది. తెరలో పై భాగం నలుపు తెలుపుల్లో సన్నని గీతలు, కింద మీటర్ల బల్ల మాత్రం నాలుగు రంగులు. ఆ యంత్రంలో ఒక తెరకి ఒకే మోడ్ ఉంటుంది. టీవీ కిరణం ఆ బల్ల దాకా దిగిన క్షణాన్ని కొలిచి, సరిగ్గా అక్కడ మోడ్ మార్చేశారు. సెకనుకి 50 సార్లు.

ఇంత పోటీలో మనుషులకి సెగ తగలకుండా ఉంటుందా? ఏకార్న్ పెట్టిన క్రిస్ కర్రీ అంతకు ముందు సింక్లెయిర్ దగ్గరే పనిచేసినవాడు. 1984 డిసెంబర్‌లో ఏకార్న్ పత్రికల్లో ఒక ప్రకటన వేసింది. సింక్లెయిర్ యంత్రాలు ఎక్కువగా తిరిగొస్తున్నాయని అందులో ఎత్తిపొడుపు. ఆ తర్వాత సింక్లెయిర్ గారు కేంబ్రిడ్జ్‌లోని ‘బేరన్ ఆఫ్ బీఫ్’ అనే పబ్‌లో కర్రీని పట్టుకుని, చుట్టిన పత్రికతో కొట్టారు. అప్పటికే ఆయన సర్ క్లైవ్. ఏడాదిన్నర తిరిగేసరికి, 1986లో, ఆయన కంప్యూటర్ వ్యాపారం 50 లక్షల పౌండ్లకి ఆమ్‌స్ట్రాడ్ అనే కంపెనీ చేతిలోకి వెళ్లిపోయింది. ఏకార్న్‌లో పెద్ద వాటా అప్పటికే ఇటలీ కంపెనీ ఒలివెట్టీది. కమొడోర్ 1994లో దివాలా తీసింది. అమ్మకాల్లో మాత్రం కమొడోర్ 64ని కొట్టింది లేదు. కోటీ పాతిక లక్షలని కొందరు, కోటీ డెబ్బై లక్షలని కొందరు అంటారు. స్పెక్ట్రమ్ 50 లక్షలు దాటింది, బీబీసీ సుమారు 15 లక్షలు. ఆ పదిహేను లక్షల వాళ్లే, విల్సన్, ఫర్బర్‌లే, 1985 ఏప్రిల్‌లో ఒక కొత్త ప్రాసెసర్‌ని బీబీసీ మైక్రోకి తగిలించి నడిపించారు. దాని పేరు ఆర్మ్. మీ జేబులో ఫోనుంటే, అందులో ఉన్నది దాని వంశమే.

సరే, రేడియో దగ్గర ఆపేసిన మాట చెప్తాను. ఆ కీచు పేరు బేసికోడ్. డచ్చి వాళ్లు ఇలా ఆలోచించారు: ప్రతి శ్రోతా తన యంత్రానికి తగిన ఒక అనువాద ప్రోగ్రాముని ముందే తెచ్చిపెట్టుకోవాలి. 1000 లోపు నంబర్లున్న లైన్లు దానివి. రేడియోలో వచ్చే ప్రోగ్రాము 1000వ లైను నుంచి మొదలవుతుంది. తెర తుడవాలనుకోండి, రేడియో ప్రోగ్రాము ఆ పని తను చేయదు, ‘గోసబ్ 100’ అంటుంది. నూరో లైనుకి వెళ్లి రమ్మని. అక్కడ స్పెక్ట్రమ్ వాళ్లకి స్పెక్ట్రమ్ పద్ధతి, కమొడోర్ వాళ్లకి కమొడోర్ పద్ధతి రాసి ఉంటుంది. వెయ్యి లోపు మీ ఊరి యాస, వెయ్యి దాటాక రేడియో భాష.

పనిచేసింది. కాకపోతే మొదటి రూపాల్లో రంగు లేదు, బొమ్మ లేదు. అందరికీ ఉమ్మడిగా ఉన్నవే ఉంచాలి కదా! కమొడోర్ స్ప్రైట్లు వదిలేశారు, సిడ్ గొంతులు వదిలేశారు, బీబీసీ ప్రొసీజర్లు వదిలేశారు, స్పెక్ట్రమ్ సర్కిల్ వదిలేశారు. అక్షరాలూ లెక్కలూ మిగిలాయి. జనం ఏ కారణాన ఏ యంత్రం కొన్నారో ఆ కారణం ఒక్కటీ ఆ కీచులో లేదు. నన్నడిగితే నా ఓటు బీబీసీ మైక్రోకే. స్పేస్ బార్ నొక్కినవాడి పక్షపాతమనుకోండి. అయినా సొంత డబ్బుతో కొనుక్కోవాల్సి వస్తే మా నాన్న జీతానికి స్పెక్ట్రమ్ కూడా దూరమే.

చివరగా ఒక విన్నపం. మన ఊళ్ల బడుల స్టోర్ రూముల్లో, విరిగిన బెంచీల వెనక, లేత గోధుమరంగు డబ్బాలో నల్ల మీటలూ, కుంకుమరంగు పై వరస మీటలూ ఉన్న యంత్రం ఇంకా ఉండొచ్చు. దాన్ని పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. పక్కన క్యాసెట్లుంటే ముందు వాటిని ఏదైనా మంచి టేప్ రికార్డర్‌లో వేసి, ఆ కీచుని యథాతథంగా కంప్యూటర్‌లోకి రికార్డు చేసి దాచండి. టేప్ మీది పూత ఏటేటా రాలిపోతుంది. యంత్రాన్ని మాత్రం ఉత్సాహం కొద్దీ వెంటనే ప్లగ్గులో పెట్టి స్విచ్ వేయకండి. పవర్ సప్లయ్‌లోని పాత కెపాసిటర్లు పేలి గది నిండా పొగ పెడతాయి. రేడియోలూ టీవీలూ బాగుచేసే తెలిసినాయన చేత ముందు వాటిని మార్పించి, ఆ తర్వాతే స్విచ్ వేయండి.